వేలితో పాస్టెల్ పొడి రుద్దితే మబ్బు మచ్చలు మచ్చలుగా వస్తా ఉంది, ఎవరన్నా చెప్పండి

గాలిమర, అనంతపురం:

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక బ్యాంకులో క్యాషు కౌంటర్లో పనిచేస్తా. పొద్దంతా నోట్లు లెక్కపెట్టిన వేళ్ళనే రాత్రి రంగు పొడిలో పెడతా ఉన్నా. సంక్రాంతి సెలవుల్లో పట్టుకుంది ఈ పిచ్చి, ఏప్రిల్ వచ్చినా వదల్లేదు.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. సాఫ్ట్ పాస్టెల్ కడ్డీని బ్లేడుతో గీకి పొడి చేసుకుని, బ్రష్షు లేకుండా వేలి కొసతోనే కాగితం మీద రుద్ది బొమ్మ తేవడం. జపాన్‌లో పాస్టెల్ నాగోమి అనే పేరుతో ఇది నడుస్తా ఉంది. 15 సెంటీమీటర్ల చదరపు కాగితం, అంతే. నాకు పెన్సిల్ గీత రాదు, వచ్చిందల్లా ముగ్గు. గీత రాకున్నా పర్వాలేదనే మాట విని దిగినా.

నేను వేయాలనుకున్నది ఒకటే బొమ్మ. రామగిరి కొండల మీద గాలిమరలు, వాటి వెనక జూన్ నెల మబ్బు. మా అమ్మవాళ్ళ ఊరు ఆ పక్కనే. నల్లగా కమ్ముకుంటుంది, చల్లగాలి కూడా కొడుతుంది, శెనక్కాయ విత్తనాలు ఒలిచి పెట్టుకున్నోళ్ళంతా వాకిట్లోకి వచ్చి నిలబడతారు, అది మాత్రం మా నెత్తిన ఒక్క చుక్క రాల్చకుండా కొండ దాటి పోతుంది. ఆ మబ్బు నాకు కావాలి. ఇప్పటికి పదకొండు సార్లు వేసినా. పదకొండూ చెడినాయి.

మొదటి మూడు లెక్కలోకి రావు. అంగట్లో పాస్టెల్స్ అడిగితే ఆయిల్ పాస్టెల్స్ ఇచ్చినారు, నేనూ చూసుకోలేదు. గీకితే పొడి యాడ రాలుతుంది, మైనం లాగా చుట్టలు చుట్టలుగా వచ్చింది. తర్వాత సాఫ్ట్ పాస్టెల్స్ 24 రంగుల పెట్టె ఆన్‌లైన్లో తెప్పించుకున్నా. టీ వడగట్టే జాలి మీద రుద్దితే పొడి బాగానే రాలుతుంది. కాగితం మా పాప ప్రాజెక్టుకు తెచ్చిన చార్టు.

అసలు బాధ ఏందంటే, వేలు మొదట యాడ ఆనుతుందో అక్కడ ముదురు మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇంక పోదు. ఎంత రుద్దినా చుట్టూ ఉన్నది పలచబడుతుంది గాని మచ్చ అట్లే ఉంటుంది. నా ఆకాశానికి అమ్మవారు పోసినట్లుంది.

రెండోది ఫ్యాను. బయట 41, 42 డిగ్రీలు. ఫ్యాను వేస్తే పొడి లేచిపోయి దిండు మీద పడుతుంది, ఆపితే నా చెమట కాగితం మీద పడుతుంది. కూలర్ ముందు కూర్చుంటే కాగితం మెత్తబడి రంగు పట్టదు.

మూడోది గాలిమరలు. మబ్బు మీద తెల్లపొడి రుద్దితే బూడిద రంగు వస్తుంది. ఎంత తెల్లపొడి వేసినా తెలుపు కాదు.

చివరాఖరికి, పొడి నిలవదు. మా పాప హెయిర్ స్ప్రే కొట్టినా. చుక్కలు చుక్కలుగా తడి మరకలు పడి ఉన్నది కూడా పోయింది, పాప చేత తిట్లు వేరే.

వీడియోల్లో ఏవో స్పాంజీలు, చిన్న గిన్నెల్లో పోసి అమ్మే పాస్టెల్స్ చూపిస్తా ఉన్నారు. ఒక్కో గిన్నె ధర చూస్తే నాకు కౌంటర్లో కళ్ళు తిరిగినట్లయింది. అవన్నీ కావాలా, లేక నా చేతిలోనే తప్పుందా?


పార్లరక్క, కడప:

చెల్లీ, నేను బొమ్మలు వేసేదాన్ని కాదు. పందొమ్మిదేళ్ళుగా కడపలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నా. ఖాళీ దొరికితే సరదాగా మా అమ్మాయితో కలిసి నువ్వు చెప్పే ఈ పని చేస్తుంటా. నా చేతికి ఇది కొత్తగా అనిపించలేదు, ఎందుకంటే నేను రోజూ చేసేది ఇదే, కాగితం బదులు ముఖం.

నీ మచ్చ సంగతి నాకు తెలుసు. పౌడర్‌లో పఫ్ ముంచి నేరుగా బుగ్గ మీద పెడితే ముద్ద పడుతుంది. అందుకే ముందు చేతి వెనక తట్టుకుంటాం, ఎక్కువైంది అక్కడ రాలిపోతుంది, మిగిలింది ముఖానికి. పెళ్ళికూతురి బుగ్గ మీద ముద్ద పడితే వాళ్ళమ్మ ఊరుకుంటుందా? నువ్వు పక్కన ఒక చెత్త కాగితం పెట్టుకుని, వేలు పొడిలో పెట్టిన ప్రతిసారీ ముందు దాని మీద మూడు చుట్లు తిప్పు. నీకు వేలి మీద ఏమీ లేదనిపించాలి. అప్పుడు బొమ్మ మీద పెట్టు.

సామాన్లంటావా, ఏమీ కొనొద్దు. పెద్ద ఆకాశానికి కాంపాక్ట్‌లో వచ్చే గుండ్రటి స్పాంజి. మూలలకు ఫౌండేషన్ పూసే ముక్కోణం స్పాంజి. సన్నటి చోట ఐషాడో పూసే స్పాంజి పుల్ల. ఇయర్ బడ్స్‌లో దూది వదులుగా ఉండేవి వద్దు, పోగులు కాగితానికి అంటుకుంటాయి. ఒక్కో రంగుకు ఒక్కో స్పాంజి, వాటి మీద పెన్నుతో రాసి పెట్టుకో. ఇంకొక మాట, ఒకసారి ఈ రంగుల్లో పెట్టిన స్పాంజి మళ్ళీ ముఖానికి వాడొద్దు. అవి ముఖానికి చేసిన రంగులు కావు.

చేతికి మాయిశ్చరైజర్ రాసుకుని కూర్చోవద్దు. దానికన్నా చెమటే నయం.


ముగ్గుబుట్ట:

ఇంత ఖర్చెందుకండీ. సంక్రాంతికి మిగిలిన రంగు ముగ్గుపొడి మా ఇంట్లో రెండు డబ్బాలుంది. అదే జల్లించుకుని వేలితో రుద్దితే పోలా? లేదంటే బడిలో వాడే రంగు చాక్‌పీసులు పొడి చేసుకున్నా అదే కదా.


బోర్డు రంగులు, కర్నూలు:

గాలిమరమ్మా, మీ ప్రశ్న మూడుసార్లు చదివినా. నేను కర్నూల్లో ముప్పై ఒక్కేండ్లు బోర్డులు రాసినోణ్ణి. కొండారెడ్డి బురుజు చుట్టూ ఉండే అంగళ్ళలో ఒకప్పుడు సగం పేర్లు నా చేతివే. ఫ్లెక్సు వచ్చినాక ఆ బ్రష్షులన్నీ డబ్బాలో పెట్టేసినా. ఇప్పుడు సాయంత్రాలు మా సందులో పిల్లోళ్ళకు పాస్టెల్ నేర్పిస్తా.

మొదట ముగ్గుబుట్టమ్మకు చెప్పాలి. ముగ్గుపొడి వేళ్ళ సందున జారడానికి చేసింది. పాస్టెల్ పొడి వేలికి అంటడానికి చేసింది. రెండు గుణాలూ ఎదురెదురు. రంగు ముగ్గులో ఉండేది రాతిపొడో ఇసుకో, దానికి పైపైన రంగు పట్టించి ఉంటారు. రుద్దితే గింజ కాగితాన్ని గీరుతుంది, రంగు వేలికొస్తుంది, గింజ కింద పడుతుంది. చాక్‌పీసు కొంచెం నయం గాని దాంట్లో రంగు పాలు శానా తక్కువ, ఉండే రంగు కూడా ఎండకు తేలిపోతుంది. పిల్లోళ్ళ చెయ్యి తిరగడానికి వాడుకోవచ్చు, అంతే.

ఇంక మీ మచ్చ. పార్లరక్క చెప్పింది నిజమే, కానీ అదొక్కటే అయితే రుద్దగా రుద్దగా కొంతన్నా సర్దుకోవాల. మీది సర్దుకోవడం లేదంటున్నారు. అంటే వేలిలో తడో జిడ్డో ఉంది. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలికి ఏం పూసుకుంటారు? తడి స్పాంజి అయితే ఇంటికొచ్చేలోగా ఆరిపోతుంది. డబ్బీలో జిగురుగా ఉండేది ఒకటి వస్తుంది చూడండి, దాంట్లో గ్లిజరిన్ లాంటిది ఉంటుంది, అది వేలి గీతల్లో కూర్చుంటుంది. మొదట ఆనిన చోట ఆ జిడ్డు కాగితానికి పోతుంది, జిడ్డు పొడిని పట్టుకుంటుంది. ఇంక రబ్బరు పెట్టి చెరిపినా రాదు. నేను ఇది ఊహించి చెప్తాండా, మీరు చూసుకోండి. అంట్లు తోమే సబ్బుతో రెండుసార్లు కడిగి, తుడిచి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని అప్పుడు మొదలుపెట్టండి.

రెండో దోషి మీ టీ జాలి. దాంట్లోంచి రాలేది రవ్వ. మీకు కావాల్సింది మైదా. రవ్వ గింజ ఒక్కటి వేలి కింద పడి నలిగిందంటే అక్కడ గీతో చుక్కో పడి తీరుతుంది. నేను కట్టర్ బ్లేడును కడ్డీకి నిలువుగా పట్టి, కోయకుండా, గీకుతా. ఆ పొడిని పాత మల్లు గుడ్డలో మూటగట్టి గిన్నె మీద తడతా. గుడ్డలోంచి వచ్చేది పొగ లాగా ఉంటుంది. లోపల మిగిలిన రవ్వను మళ్ళీ స్పూను వెనక భాగంతో నూరుకోవచ్చు. ఉప్పుకాగితం మీద రుద్దొద్దు, దాని ఇసుక పొడిలో కలుస్తుంది.

మూడోది చార్టు. దాని ముఖం నున్నగా ఉంటుంది, పొడి పట్టుకోడానికి దానికి పళ్ళు లేవు. కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మెల్లగా గీకండి, సర్ర్‌మని చప్పుడు రావాల. బొమ్మలకు వాడే కార్ట్రిడ్జ్ పేపర్, 180 నుంచి 200 జీఎస్ఎం (అది కాగితం బరువు లెక్క) చాలు. మరీ గరుకుది కూడా వద్దు, గుంటల్లోకి వేలు పోదు, తెల్ల చుక్కలు మిగులుతాయి.

ఇప్పుడు మబ్బు. ముందు కాగితమంతా తెల్లపొడి పలచగా రుద్దుకోండి, కనపడీ కనపడనట్లు. దాని మీద తర్వాతి రంగు జారుతుంది, ఆనిన చోట ఆగిపోదు. తర్వాత లేత నీలం, ఆ తర్వాత ముదురు. ఎప్పుడూ లేతనుంచి ముదురుకే. చూపుడు వేలితో అన్నీ చేయొద్దు, దానికి బలం ఎక్కువ, పెత్తనం ఎక్కువ. మధ్య వేలు వెడల్పు చోట్లకు. ఉంగరం వేలికి బలం తక్కువ కాబట్టి మబ్బు అంచు దాంతో చేయండి, కొండ మీది సన్నపాటి చోట్లకు చిటికెన వేలు. ఒక్కో వేలికి ఒక్కో రంగు అని పెట్టుకుంటే కడుక్కునే పని కూడా తగ్గుతుంది. గుండ్రంగా, చిన్న చుట్లు. ఇటూ అటూ గీసినట్లు రుద్దితే ఆ గీతలు కడదాకా కనపడతాయి.

మబ్బుకు నల్లపొడి ముట్టుకోవద్దు. నలుపు వేస్తే మబ్బు కాదు, వంటింటి మసి. ముదురు నీలంలో గోధుమ రంగు కలిపి చూడండి, వాన మబ్బు దగ్గరికి వస్తుంది. మన సీమ మబ్బుకు కింద అంచున ఎర్రదుమ్ము ఛాయ ఉంటుంది, అది మీరు చూసే ఉంటారు. దానికి నేను గడపలకు పూసే జాజు వాడతా. అంగట్లో ఉండ కొని, నూరి, గుడ్డలో తట్టి, ఒక్క చిటికె. మట్టి రంగు గదా, ఎండకు పోదు.

తెలుపు గురించి వినండి. ఈ పనిలో తెలుపు పూసేది కాదు, తీసేది. ముదురు మబ్బు మీద తెల్లపొడి వేస్తే రెండూ కలిసి బూడిదే అవుతుంది, మీ తప్పేమీ లేదు. మబ్బంతా వేసేసినాక, గాలిమర ఉండాల్సిన చోట పొడిని చెరిపి కాగితం తెలుపును బయటికి తేవాల. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఉంటుందా ఇంట్లో? బోర్డుల కాలంలో మేము అచ్చులు దాంతోనే కోసేవాళ్ళం, వంగుతుంది గాని చిరగదు. దాంట్లో ఒక రెక్క ఆకారం కోయండి, మొదట్లో వెడల్పు, కొసకు సన్నం. మూడు రెక్కలు కోయొద్దు, ఒక్కటి చాలు. రెక్క మొదట్లో గుండుసూది గుచ్చి, దాన్ని ఇరుసుగా పెట్టుకుని ఫిల్మ్‌ను తిప్పుతా మూడుసార్లు చెరపండి, గడియారంలో 12, 4, 8 ఉన్నట్లు. ప్లాస్టిక్ ఎరేజర్‌ను బ్లేడుతో ఏటవాలుగా కోసి ఆ పదునైన అంచుతో, లోపల్నుంచి బయటికి, ఒకే వైపు లాగండి. ప్రతి లాగుడుకూ ఎరేజర్ అంచును గుడ్డకు తుడవాల, లేకపోతే తీసిన రంగునే మళ్ళీ పూస్తారు. మబ్బులో వెలుగు చోట్లకు పిండిముద్ద లాగా నలిపే ఎరేజర్ దొరుకుతుంది, అది రుద్దొద్దు, అద్ది లేపండి. రబ్బరు రాకముందు బొగ్గు బొమ్మల వాళ్ళు బ్రెడ్డు మెత్తటి లోభాగంతోనే ఈ పని చేసేవాళ్ళు.

ఫ్యానుకు నా దగ్గర మందు లేదు. నేను తెల్లవారి ఐదుకు కూర్చుంటా. అరచెయ్యంత బొమ్మకు ఫ్యాను ఆపి అరగంట చాలు. కుదరకపోతే అట్టపెట్టెను ఒక పక్క కోసి, దాని కడుపులో కాగితం పెట్టుకుని చేయండి, గాలి సూటిగా తగలదు. పెట్టె అడుగున తడి గుడ్డ పరిస్తే లేచిన పొడి దానికి అంటుకుంటుంది, కాగితం కింద మాత్రం పొడి అట్ట ఉండాల. ఎక్కువైన పొడిని నోటితో ఊదొద్దు. ఊదితే సగం మీ ఊపిరితిత్తుల్లోకి, సగం బొమ్మ మీదికి. కాగితాన్ని నిలువుగా పట్టి వెనకనుంచి తట్టండి. గీకేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటివి ఉంటాయి. తర్వాత చీపురుతో ఊడవొద్దు, తడి గుడ్డతో తుడవండి. పసిపిల్లలుండే ఇల్లయితే ఇంకా జాగ్రత్త.

హెయిర్ స్ప్రే మానుకోండి, రాను రాను పసుపెక్కుతుంది కూడా. పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే ఉంటుంది, ఫిక్సేటివ్ అని అడిగితే ఇస్తారు. బొమ్మను నిలబెట్టి, 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆరుబయట, మంచు పడినట్లు పలచగా రెండు మూడు సార్లు. ఒకసారి ఆరినాక ఇంకోసారి. కొట్టినాక లేత రంగులు కొంచెం మునుగుతాయి, అది మామూలే. అందుకే నేను మబ్బు అయినాక ఒకసారి కొట్టి, చివరి వెలుగులు ఆ తర్వాత అద్ది, వాటి మీద కొట్టకుండా వదిలేస్తా. కానీ జ్ఞాపకముంచుకోండి, ఫిక్సేటివ్ పడినాక చెరపడం కుదరదు. గాలిమరలు ముందే తీసేసుకోవాల.

పొడి బొమ్మ నిలవదేమోనని మా పిల్లోళ్ళు కూడా అడుగుతారు. వెనిస్‌కు చెందిన రోజాల్బా కారియెరా అనే ఆమె 1720లో పారిస్ పోయి పాస్టెల్‌తో ముఖాలు వేసి ఆ ఊరికి దాని మీద మోజు పుట్టించింది. ఆమె బొమ్మలు ఇంకా మ్యూజియంలలో ఉన్నాయి. దీంట్లో నూనె లేదు గదా, పసుపెక్కదు, పగలదు. తాకిడి, తేమ, ఎండ, ఈ మూడూ తగలకుంటే చాలు.

ఆ గిన్నెల్లో అమ్మేవి మంచివే. గీకే పని లేదు, దుమ్ము తక్కువ. కానీ మీ పదకొండు బొమ్మలూ గిన్నె లేక చెడలేదు.


ప్రొద్దుటూరు కోడలు:

మాది కంసాలి పని చేసే ఇల్లు. మా మామగారి ముందు పొడి ఊదినోళ్ళు బతకరు. బంగారం పని చేసిన చోట ఊడ్చిన దుమ్ముకు కూడా లెక్కుంటుంది మా ఊర్లో. ఆ అలవాటుతో నేను ఈ పాస్టెల్ పొడి కూడా పారబొయ్యను. కాగితం కింద ఇంకో కాగితాన్ని నాలుగు అంచులూ పైకి మడిచి పళ్ళెం లాగా పెట్టుకుంటా. రాలిందంతా ఒక కుంకుమ భరిణెలో పోస్తా. అన్ని రంగులూ కలిసి ఒక మాదిరి బూడిద నీలం వస్తుంది, అంగట్లో ఎంత డబ్బు పెట్టినా దొరకని రంగు అది. దూరం కొండలకు అదే వేస్తా.

గీకిన పొడికి మూత గట్టిగా ఉండే చిన్న డబ్బీలు వాడండి. మాత్రలు పెట్టుకునే వారం డబ్బా నాకు బాగా కుదిరింది. ఏడు గళ్ళు, ఏడు రంగులు. మా మామగారు ఒకరోజు బీపీ మాత్రకని తెరిచి చూసి కేకేసినారు, అది వేరే కథ.


సూదీ దారం, ధర్మవరం:

గీత రాదన్నారు కదక్కా, మేము మగ్గం వర్కులో డిజైన్ ఎట్ల దించుతామో చెప్తా. ట్రేసింగ్ పేపర్ మీద బొమ్మ వేసుకుని గీత వెంబడి సూదితో దగ్గర దగ్గరగా పొడుస్తాం. గుడ్డ మీద పెట్టి జింక్ పౌడర్ కిరోసిన్లో కలిపి తుడిస్తే కింద చుక్కలు పడతాయి. మీరు కిరోసిన్ జోలికి పోవద్దు, కాగితం పాడవుతుంది. లేత రంగు పొడినే చిన్న గుడ్డ మూట కట్టి ఆ రంధ్రాల మీద తట్టండి, కొండ గీత చుక్కల్లో పడుతుంది. తర్వాత రంగు రుద్దితే చుక్కలు దాంట్లో కలిసిపోతాయి. పొడిచిన కాగితం ఒకటి ఉంటే ఎన్ని బొమ్మలకైనా వాడుకోవచ్చు.


గాలిమర, అనంతపురం:

పదహారు రోజులైంది, చెప్పకుండా ఉంటే బాగుండదు.

బోర్డు రంగులన్నా, మీరు నా టేబుల్ పక్కన నిలబడి చూసినట్లు చెప్పినారు. మా కౌంటర్లో గులాబీ రంగు డబ్బీ ఒకటుంటుంది, మైనం లాగా. రోజుకు ఎన్నిసార్లు వేలు దాంట్లో పెడతానో నాకే లెక్కలేదు. మీ మాట విని ఒక పరీక్ష చేసినా. కుడి చెయ్యి ఊరికే నీళ్ళతో కడిగినా, ఎడమ చెయ్యి అంట్ల సబ్బుతో రెండుసార్లు. ఒకే కాగితం మీద రెండు చేతులతో రెండు ఆకాశాలు. కుడివైపు మళ్ళీ అమ్మవారు పోసింది. ఎడమవైపు ఒక్క మచ్చ లేదు. మూడు నెలలు నన్ను నేనే తిట్టుకున్నా, చూస్తే డబ్బీ! ఇప్పుడు ఎడమ చేత్తోనే బొమ్మలు వేస్తా ఉన్నా, అది నోట్లు ముట్టదు కాబట్టి. మొదట్లో వంకరగా పోయింది గాని, రుద్దే పనికి ఎడమైనా కుడైనా పెద్ద తేడా లేదు.

మల్లు గుడ్డ దొరకలేదు, అమ్మ పాత వాయిల్ చీర కొంగు కత్తిరించినా. మైదా మాట నిజమే, వేలి కింద ఏమీ తగలదు. తెల్లవారి ఐదు గంటలు మాత్రం నాకు రెండు రోజులే అయింది. మిగతా రోజులు అట్టపెట్టెలో తల పెట్టుకుని చేసినా. మా ఆయన వచ్చి ఏమన్నా పోగొట్టుకున్నావా అని అడిగినాడు.

పార్లరక్కా, చెత్త కాగితం మీద మూడు చుట్లు అన్నారు కదా, ఆ చెత్త కాగితమే ఒక్కోసారి నా బొమ్మ కన్నా అందంగా ఉంటా ఉంది. రెండు దాచి పెట్టుకున్నా. ఐషాడో పుల్ల కొండ మీద రాళ్ళకు బాగా పనికొచ్చింది.

జాజు కూడా వేసినా. మొదటిసారి ఎక్కువై మబ్బు రక్తం కక్కినట్లయింది. రెండోసారి ఉంగరం వేలికి అంటిందా లేదా అన్నట్లు వేస్తే అప్పుడొచ్చింది, జూన్‌లో మా ఊరి పడమటి దిక్కు ఎట్లుంటుందో అట్లే. అది చూసి నేను కొంచెంసేపు ఏమీ చేయలేదు, ఊరికే కూర్చున్నా.

ఎక్స్‌రే ఫిల్మ్ మా మామగారి మోకాలిది. రెక్క కోసి, గుండుసూది పెట్టి తిప్పినా. మొదటి మర దగ్గర ఫిల్మ్ జారి కొండ కూడా చెరిగింది. తర్వాత ఫిల్మ్‌ను ఎడమ చేత్తో నొక్కిపట్టి, నోట్ల జిగురు లేకుండా కడిగిన కుడి చేత్తో ఎరేజర్ లాగినా. ఐదు గాలిమరలు తెల్లగా వచ్చినాయి, కాగితం తెలుపు! నేను నమ్మలేదు.

ఆదివారం ఊరికి తీసుకుపోయి అమ్మకు చూపించినా. చాలాసేపు చూసింది. మబ్బు గురించి ఏమీ అనలేదు. "ఏమ్మే, అన్నీ ఒకే తీరుగా నిలబడినాయే. గాలి లేదా ఆ పొద్దు?" అనింది. చూస్తే నిజమే. ఐదింటికీ రెక్కలు 12, 4, 8 మీదే ఉన్నాయి, పెళ్ళి ఫోటోలో నిలబడినట్లు. దీనికేం చేయాలి? ఇంకొకటి, ఫ్రేము కట్టే ఆయన గాజు బదులు అక్రిలిక్ షీటు వేద్దాం, తేలిగ్గా ఉంటుంది, పగలదు అంటున్నాడు. వేయించనా?


బోర్డు రంగులు, కర్నూలు:

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. తప్పు నాది, గడియారం చెప్పి ఊరుకున్నా. ప్రతి మరకూ మొదటి రెక్క వేరే చోట మొదలుపెట్టండి. ఒకటి 1 దగ్గర, ఇంకోటి 2 దగ్గర, ఇంకోటి 12కూ 1కీ మధ్య. అక్కడ్నుంచి నాలుగేసి గంటలు జరుపుకుంటా పోవాల. దూరం మరలకు చిన్న రెక్క వేరేగా కోసుకోండి, వాటిని పూర్తిగా తెలుపు దాకా చెరపొద్దు, ఒక్కసారి లాగి వదిలేయండి, మసకగా ఉంటేనే దూరం. తిరిగే మర ఒకటి కావాలంటే, చెరిపినాక రెక్క కొసను ఉంగరం వేలితో తిరిగే దిక్కుకు ఒక్క విసురు, పొడి లేకుండా ఉత్త వేలితో.

అక్రిలిక్ వద్దే వద్దు. దాన్ని తుడిచినప్పుడల్లా కరెంటు పుట్టి పొడిని లాక్కుంటుంది, నాలుగు నెలల్లో మీ మబ్బు సగం షీటుకు అంటి ఉంటుంది. గాజే వేయమనండి. గాజు బొమ్మకు తగలకుండా చుట్టూ మందం మౌంటు అట్ట పెట్టమనండి, తగిలితే గాజు కూడా రంగు తీసుకుంటుంది. ఫ్రేము అంగడికి తీసుకుపోయేటప్పుడు పైన బటర్ పేపర్ వేసి, పై అంచున మాత్రమే టేపు పెట్టి, చదునుగా పట్టుకుని పోండి. బండి మీద నిలువుగా పెట్టుకోవద్దు. అనంతపురం రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు నాకు తెలుసు.